రైలు దిగాకే అసలు టెన్షన్: నెల్లూరు నుంచి కంభం దాకా

ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పటం ఒకసారి ముందేసుకుని చూడండి. గూడూరు నుంచి ఒంగోలు దాకా రైలు పట్టాలు సముద్రానికి దగ్గరగా, తూర్పు అంచునే పోతాయి. మనం చూడాలనుకునే ఉదయగిరి కోట, భైరవకోన, పెంచలకోన, సోమశిల మాత్రం పడమటి కొండల దగ్గర ఉంటాయి. రైలు తక్కువ డబ్బుతో, దాదాపు ఏ గొడవా లేకుండా నెల్లూరులోనో కావలిలోనో ఒంగోలులోనో దింపేస్తుంది. అక్కడి నుంచి కొండ దాకా ఉండే 80, 100 కిలోమీటర్లకు ఎవరి చేతిలో పడతామన్నదే అసలు సంగతి. నేనూ మా వదినా వీపున బ్యాగులు తగిలించుకుని ఈ రెండు జిల్లాలూ తిరిగొచ్చాం. చూసినవన్నీ బాగున్నాయి. కానీ ఒక కారు మనిషి మాకు చేసిన అన్యాయం ఇంకా మింగుడుపడటం లేదు, అందుకే ఇది రాస్తున్నాను. మా వెనక వెళ్లేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఆ ఉచ్చులో పడకూడదు.

ముందు రైలు టికెట్ల సంగతి. సంక్రాంతి రద్దీ తగ్గాక బయల్దేరినా మాకు మామూలు కోటాలో బెర్తులు దొరకలేదు, తత్కాల్‌కే వెళ్లాల్సి వచ్చింది. 2025 జులై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్ ఆధార్ ధృవీకరణ ఉన్న ఖాతాలకే ఇస్తున్నారు. ఆ పని ముందే చేసి పెట్టుకోండి. ఉదయం 11 గంటలకు స్లీపర్ తత్కాల్ తెరుచుకున్నాక ఓటీపీ కోసం ఫోన్ వెతుక్కుంటూ కూర్చుంటే బెర్తులు అయిపోతాయి. ఇంకో మాట. మధ్య స్టేషన్ల నుంచి టికెట్ తీసుకుంటే వెయిటింగ్ లిస్టు పక్కన పీక్యూడబ్ల్యూఎల్ అని పడుతుంటుంది. ఒకే చిన్న కోటాను దారిలోని చాలా స్టేషన్లు పంచుకుంటాయి కాబట్టి అది కదలడం కష్టం. 15, 20 నంబరు కనపడితే చార్టు దాకా ఆశపడకుండా వేరే దారి చూసుకోవడమే మంచిది.

రైలు ఎంచుకునేటప్పుడు అది చేరే వేళ కూడా చూసుకోండి. గుంటూరు మీదుగా తిరుపతి వెళ్లే రాత్రి రైళ్లు నెల్లూరుకు చీకటి ఉండగానే వచ్చేస్తాయి. సింహపురి ఎక్స్‌ప్రెస్ అయితే తెల్లవారాక దింపుతుంది. మాకు సింహపురిలో దొరకలేదు. చీకట్లోనే నెల్లూరులో దిగాం.

స్టేషన్ బయట ఆటోలవాళ్లు చుట్టుముట్టారు. "యాడికి పోవాల మేడం? రండి, రండి" అంటూ ఒకాయన మా వదిన భుజం మీది బ్యాగు పట్టుకుని లాగాడు. మేము బుక్ చేసుకున్న లాడ్జి కిలోమీటరున్నర దూరం. 250 అడిగాడు. యాప్‌లో 62 చూపిస్తోంది. యాప్‌లో బుక్ చేస్తే ఒకతను ఫోన్ చేసి, "క్యాషా, ఆన్‌లైనా?" అని అడిగి, ఆన్‌లైన్ అనగానే రద్దు చేశాడు. రెండో అతను స్టేషన్ లోపలికి వస్తే స్టాండువాళ్లు గొడవ పెట్టుకుంటారు, రోడ్డు మీదికి నడిచి రమ్మన్నాడు. మా వదినకు మోకాళ్ల నొప్పులు. ఆ చీకట్లో బ్యాగులతో అంతదూరం నడవడం ఆవిడకు ఇష్టం లేదు. చివరికి స్టాండులోని పెద్దాయన ఒకరు 120కి ఒప్పుకుని తీసుకెళ్లారు. తెల్లారేదాకా స్టేషన్ వెయిటింగ్ హాల్లోనే కూర్చుంటే 30 రూపాయలకు షేర్ ఆటో దొరికేదని ఆయనే దారిలో చెప్పారు. అది నిజమే, మర్నాడు మేమే చూశాం. చీకట్లో దిగేవాళ్లకు నా సలహా కూడా అదే. వెలుగు వచ్చేదాకా లోపలే కూర్చోండి, చార్జీలు వాటంతట అవే దిగొస్తాయి.

లాడ్జి గురించి రెండు ముక్కలు. గది 1,300, ఏసీ లేదు. బయట బోర్డు మీద "24 గంటల చెక్ అవుట్" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. లోపల రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నాక కౌంటరులోని అతను, చెక్ అవుట్ మధ్యాహ్నం 12కే, ఇప్పుడు దిగారు కాబట్టి సగం రోజు అదనం, 650 కట్టమన్నాడు. బోర్డు చూపించాను. "అది పాత బోర్డు మేడం" అన్నాడు. పాతదైతే దించేయాలి కదా? మాట్లాడి మాట్లాడి 300కి తెగ్గొట్టాం. వేడినీళ్లు పొద్దున రెండు గంటలే, అదీ బకెట్టుతో తెచ్చి ఇస్తారు. దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, ఆ మాట చెప్పకపోతే తప్పు.

నెల్లూరు ఊరు చూడటం హాయిగా అయిపోయింది. పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి, సాయంత్రం మైపాడు బీచ్, మలై కాజా. మధ్యాహ్నం తిన్న చేపల పులుసును మాత్రం ఒక్క ముక్కలో వదలలేను. మామిడికాయ కాలం కాకపోయినా ఆ చింతపులుసులో చిక్కదనం, చివర్లో నాలుక మీద నిలిచే మెంతి వాసన హైదరాబాద్‌లో నెల్లూరు పేరు పెట్టుకున్న ఏ హోటల్లోనూ నాకు తగల్లేదు. ముక్క వెన్నలా ఉంది, అయినా విడిపోలేదు. భోజనం 130, పులుసు గిన్నె విడిగా 180. మా వదిన మాంసం ముట్టదు గానీ చేపల దగ్గర మాత్రం మొహమాటపడదు. రెండోసారి అన్నం అడిగింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఉదయగిరి, భైరవకోన రెండూ ఒకే రోజు చూడాలనుకున్నాం. ఉదయగిరికి నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండు నుంచి బస్సులున్నాయి. భైరవకోన లోపలికి ఉంటుంది కాబట్టి అక్కడికి బస్సు నమ్ముకుంటే సాయంత్రానికి తిరిగి రాలేమేమోనని కారు మాట్లాడుకున్నాం. లాడ్జి కౌంటరులోని అతనే "మావాడే, నమ్మకంగా తీసుకెళ్తాడు" అని ఫోన్ కలిపాడు. ఫోన్లో స్పష్టంగా అడిగాను. ఉదయగిరి, భైరవకోన, తిరిగి నెల్లూరు, ఎంత? "బత్తాతో కలిపి నాలుగువేలు మేడం, ఇంకేం ఉండదు" అన్నాడు. పక్కనే ఉండి మా వదిన కూడా విన్నది.

ఆరుకు రావాల్సిన కారు ఏడుం పావుకు వచ్చింది. తెల్ల నంబరు ప్లేటు. అద్దెకు తిప్పే కారుకు పసుపు ప్లేటు ఉండాలి. సొంతానికని రిజిస్టరు చేసిన కారును అద్దెకు తిప్పితే, జరగరానిది జరిగినప్పుడు బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు. ఆ మాట డ్రైవరుతో అన్నాను. "ఈడ అందరూ ఇట్నే తిప్పుతారు మేడం" అన్నాడు. అప్పటికే గంటకు పైగా ఆలస్యం, వేరే కారు దొరుకుతుందో లేదో తెలియదు, ఎక్కాం. ఊరు దాటకముందే బంకులో ఆపి డీజిల్‌కు 2,000 అడ్వాన్సు తీసుకున్నాడు.

ఆత్మకూరు దాటాక ఏసీ ఆపేశాడు. కొండ ఎక్కేటప్పుడు ఇంజన్ మీద భారం పడుతుందట. అక్కడ ఎక్కడానికి కొండేమీ లేదు, చదునైన రోడ్డు. జనవరి కాబట్టి అద్దాలు దించుకుంటే సరిపోయింది, దానికోసం గొడవ పడలేదు.

ఉదయగిరి చేరాక అసలు రంగు బయటపడింది. కోట ఎక్కి దిగడానికి కనీసం మూడు గంటలు కావాలన్నాను. అతను గడియారం చూపించి, "అరగంటలో వచ్చేయండి, ప్యాకేజీలో మెయిన్ ప్లేస్ ఒకటే. రెండోది ఊరికే టచింగ్" అన్నాడు. 1513లో ముట్టడి మొదలుపెట్టిన శ్రీకృష్ణదేవరాయలకు ఒడిశా గజపతుల నుంచి ఆ కోట చేజిక్కడానికి ఏడాదిన్నర పట్టింది. కోట దొరికాక అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకెళ్లి గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. హంపీలో ఆ గుడి చూసినప్పటి నుంచీ ఈ కొండ ఎక్కాలని నా కోరిక. దాన్ని కింది నుంచి ఫోటో తీసుకుని రమ్మంటే కడుపు మండింది. ఎక్కి తీరతానని చెప్పి నేనొక్కదాన్నే బయల్దేరాను. మోకాళ్లు సహకరించవని మా వదిన కిందే ఉండిపోయింది. మెట్లదారిలో మొదటి ప్రాకారం దాకా వెళ్లేసరికి డ్రైవరు వరసగా ఫోన్లు. ఇంకా పైకి వెళితే భైరవకోనకు రానంటున్నాడు. సగం దారిలో దిగొచ్చేశాను. ఆ కొండ నాకు ఇంకా బాకీ ఉంది.

ఈలోగా మా వదిన ఊళ్లో ఒక ఇంట్లో చెక్క చెంచాలు చేసేవాళ్ల దగ్గర కూర్చుంది. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. నేను వెళ్లేసరికి ఒకావిడ కింద కూర్చుని, కాలి బొటనవేలితో చెక్కను నొక్కిపట్టి, చిన్న ఆకురాయితో చెంచా గుంటను లోపలి వైపు రుద్దుతోంది. పొట్టు నేల మీద సన్నగా రాలుతోంది. పిడి కొసన దువ్వెన పళ్లలాంటి చెక్కడం ఉన్న చెంచా 40, ఉప్మా గరిటె 90. మా వదిన బేరం ఆడలేదు. గరిటెలు మూడు, చెంచాలు అరడజను కొనుక్కుంది. ఆ రోజంతటిలో ఆవిడ ముఖంలో నవ్వు చూసింది అక్కడే.

భైరవకోన గురించి ఎంత చెప్పినా తక్కువే. కొండను తొలిచి ఎనిమిది శివాలయాలు చెక్కారు. ద్వారపాలకులు, స్తంభాల కింద కూర్చున్న సింహాలు అన్నీ ఆ రాతిలోంచి వచ్చినవే. జనవరిలో జలపాతం సన్నని ధారగా పడుతోంది, ఆ చప్పుడు తప్ప వేరే సందడి లేదు. అన్నదానంలో వేడి అన్నం, పప్పు, సాంబారు, మజ్జిగ పెట్టారు. వడ్డించే పెద్దాయన మా బ్యాగులు చూసి, "దూరం నించి వచ్చినట్టుండారు, ఇంకొంచెం వేసుకోండమ్మా" అని పక్కనే నిలబడి పెట్టించారు. మేము హుండీలో వేసింది వేశాం, ఆయన మాత్రం ఏమీ తీసుకోలేదు. అక్కడ ఇంకో గంట ఉండాలనిపించింది. డ్రైవరు హారన్ మోగిస్తూనే ఉన్నాడు.

రాత్రి ఎనిమిదింటికి లాడ్జి ముందు కారు ఆగింది. మిగిలిన 2,000 ఇవ్వబోయాను. అతను కిందికి దిగకుండానే లెక్క చెప్పాడు. మొత్తం 346 కిలోమీటర్లు, కిలోమీటరుకు 13, బత్తా 500, వెయిటింగ్ 600, కలిపి 5,600. నాలుగువేలన్నావు కదా అంటే, "అది 250 కిలోమీటర్లకు మేడం, ఎక్స్‌ట్రా తిరిగారు" అన్నాడు. మేము తిరిగిన దారి ఫోన్‌లో చూస్తే 290 దాటడం లేదు. మిగతాది ఎక్కడిదంటే షెడ్ నుంచి షెడ్‌కు లెక్కట. వాళ్ల షెడ్ ఎక్కడో ఊరి బయట ఉంది, రానూపోనూ ఆ దూరం కూడా మాదేనట.

అంతవరకు మాటలే. మా బ్యాగులు డిక్కీలో ఉన్నాయి, తాళం అతని చేతిలో ఉంది. డబ్బు చూశాకే తీస్తానన్నాడు. లాడ్జి కౌంటరులోని అతన్ని పిలిస్తే, పొద్దున "మావాడే" అన్న మనిషే, "అది మీకూ ఆయనకూ మధ్య వ్యవహారం, మాకు సంబంధం లేదు" అని తల తిప్పుకున్నాడు. మా వదినకు కోపం వస్తే మాటలు తగ్గిపోతాయి. ఆవిడ మెల్లగా కారు వెనక్కి వెళ్లి, నంబరు ప్లేటుకూ డ్రైవరు ముఖానికీ ఫోటో తీసి, "112కి ఫోన్ చెయ్యి" అంది. అంతే, అతను 5,000కి దిగాడు. ఇంకా గట్టిగా నిలబడితే నాలుగుకే వచ్చేవాడేమో. కానీ రాత్రి, అలసట, మందులన్నీ ఆ బ్యాగులోనే ఉన్నాయి. మిగిలిన 3,000 ఫోన్ నుంచి పంపి, రసీదులాగా "ఉదయగిరి, భైరవకోన కారు అద్దె" అని రాసి పెట్టుకున్నాను. బ్యాగులు చేతికి వచ్చాయి.

నాకు కోపం వెయ్యి రూపాయల కోసం కాదు. మనిషి సామాను తాళం వేసి పట్టుకుని బేరమాడటం దోపిడీ. అది చేసినతను వెళ్లిపోయేటప్పుడు "మళ్లీ కావాలంటే ఫోన్ చేయండి" అని కార్డు ఇచ్చి వెళ్లాడు. వాళ్లకు ఇది రోజువారీ పని అని ఆ కార్డు చూస్తేనే అర్థమైంది.

కారు తప్పదనుకునేవాళ్లు ఫోన్ మాటను నమ్మకండి. ఊళ్ల పేర్లు, మొత్తం డబ్బు, బత్తా, వెయిటింగ్, ఎన్ని గంటలు, మీటరు ఎక్కడి నుంచి మొదలవుతుంది అన్నీ వాట్సాప్‌లో రాసి అవతలివాళ్లతో "సరే" అని పెట్టించుకోండి. ఎక్కగానే మీటరు అంకెలకు ఫోటో తీయండి. తెల్ల ప్లేటు వస్తే వెనక్కి పంపేయండి. బ్యాగు ఎంత బరువైనా సీటులో మీ పక్కనే ఉండాలి, డిక్కీలో వద్దు. లాడ్జి కౌంటరు ద్వారా కారు మాట్లాడుకోకండి, మధ్యలో వాళ్లకూ వాటా ఉంటుంది, గొడవ వస్తే మాత్రం వాళ్లు ఉండరు. నన్నడిగితే ఉదయగిరిలోనే ఒక రాత్రి ఉండి, పొద్దున్నే కోట ఎక్కి, అక్కడి నుంచి భైరవకోనకు ఆటో మాట్లాడుకోవడం ఉత్తమం. నెల్లూరు నుంచి ఒకే రోజులో రెండూ అనే ప్లాను కారువాళ్లకే లాభం.

మర్నాడు ఒంగోలుకు మెము ప్యాసింజర్ రైలు ఎక్కాం. టికెట్ 30 రూపాయలు. ఇక్కడ బ్యాగులు మోసేవాళ్లకు ఒక మాట. నెల్లూరులో ఆగే దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌ల జనరల్ బోగీల జోలికి వెళ్లకండి. చెన్నై నుంచి హౌరా వైపు పోయే బళ్లలో తలుపు దగ్గరే నలుగురు కూర్చుని ఉంటారు, వీపున బ్యాగుతో లోపలికి అడుగు పెట్టలేం. మెము ఆలస్యమైనా నడవడానికి చోటుంటుంది. ఫోన్‌లో జనరల్ టికెట్ తీసుకునేవాళ్లు ప్లాట్‌ఫారం మీదికి రాకముందే తీసుకోవాలి. 200 కిలోమీటర్ల లోపు టికెట్ తీసుకున్నాక మూడు గంటల్లోపు రైలు ఎక్కాలి. రైలు ఎక్కడుందో చూసి మరీ తీసుకోండి.

బండి పెన్న వంతెన దాటి పడుగుపాడు చేరింది. 2021 నవంబరు వరదల్లో పట్టాలు కొట్టుకుపోయి ఈ దారిలో రైళ్లు ఆగిపోయింది ఇక్కడే. ఎదుటి సీటులో బిట్రగుంటకు పోయే రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఒకాయన ఆ రాత్రుల సంగతి, ఆవిరి ఇంజన్ల కాలంలో బిట్రగుంట లోకోషెడ్ ఎంత పెద్దదో ఊరు వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు. కావలి దాటాక మమ్మల్ని లూప్‌లో, అంటే పక్క పట్టాల మీద పెట్టారు. వెనక నుంచి ఒక ఎక్స్‌ప్రెస్, దాని వెనక ఇంకొకటి. గంటకు పైగా కదల్లేదు. ఎవరూ విసుక్కోలేదు. చేపలు అమ్ముకుని ఖాళీ గంపలతో వెళ్తున్న ఆడవాళ్లు గంపలు బోర్లించి వాటి మీద కూర్చుని చీటీ డబ్బులు లెక్కపెట్టుకున్నారు. ముందురోజు నుంచీ సరిగ్గా మాట్లాడని మా వదిన వాళ్లతో కలిసి తమలపాకు వేసుకుని, "రైలు ఎంత లేటయినా మన బ్యాగు మన దగ్గరే ఉంటది" అంది. ఆవిడ మనసులో ఇంకా డిక్కీ తాళమే ఉంది.

ఒంగోలులో బస, భోజనం, కొత్తపట్నం బీచ్ అన్నీ సాఫీగా జరిగిపోయాయి. బస్టాండుకు దగ్గర్లో గది 1,100, చెప్పినట్టే 24 గంటలు ఇచ్చారు. అల్లూరయ్య మైసూరుపాకు కిలో కొన్నాం, గుంటూరు చేరేదాకా మిగల్లేదు.

ఒంగోలు నుంచి మార్కాపురానికి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లాంటి బస్సుల్లో ఉచితం. కాకపోతే రాష్ట్రంలో నివాసం చూపించే గుర్తింపు కార్డు కావాలి. మా వదిన ఆధార్ ఇంకా గుంటూరు చిరునామా మీదే ఉంది, ఆవిడకు సున్నా టికెట్. నాది హైదరాబాద్, నాకు 160. కండక్టర్ ఇద్దరి కార్డులూ చూసి, "అమ్మా, మీకు కొట్టక తప్పదు" అని నాకే సర్దిచెప్పింది. నాకేం బాధ లేదు. మొన్నటి కారుకు పోసిన డబ్బుతో అలాంటి టికెట్లు ముప్పై వచ్చేవి. ఉచితం మొదలయ్యాక బస్సుల్లో నిలబడే జనం పెరిగారు. పెద్ద బ్యాగులున్నవాళ్లు బస్సు బయల్దేరే ఊళ్లోనే ఎక్కాలి, మధ్యలో ఎక్కితే బ్యాగు పెట్టడానికి చోటుండదు. ఆ కండక్టర్ మా బ్యాగులను డ్రైవరు వెనక పెట్టించి, దిగేటప్పుడు తనే గుర్తుచేసింది. చీమకుర్తి దగ్గర ఇంటి గోడంత గ్రానైటు బండలు మోసుకుపోయే లారీల వెనక బస్సు నత్తనడక నడిచింది. అక్కడ అరగంట పోతుందని ముందే లెక్కలో వేసుకోండి.

మార్కాపురంలో చెన్నకేశవస్వామి గుడి చూసుకుని, ఇంకో బస్సులో కంభం చేరాం. కంభం చెరువు గుండ్లకమ్మ మీద, రెండు కొండల మధ్య చిన్న సందును మూసి కట్టినది. విజయనగర కాలం నాటిది. రాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కనుచూపుకు ఆనదు.

ఇక్కడ ఒక ఆటో ఆయన గురించి చెప్పాలి. బస్టాండులో దిగగానే చెరువు చూపించి రైల్వే స్టేషన్‌లో దింపాలంటే ఎంత అని అడిగాం. "ఆగినంతసేపు ఆగుతాను, 300 ఇవ్వండి" అన్నారు. నేను వెంటనే వాట్సాప్‌లో రాయమంటే నవ్వి, "నాకు చదువు రాదమ్మా, నువ్వే రాసి వినిపించు" అన్నారు. రాసి చదివి వినిపించాను, తల ఊపారు. బ్యాగులు మా ఒళ్లోనే పెట్టుకున్నాం. ఆయన అది గమనించి ఏమీ అనకుండా, గుంటలు వచ్చిన చోటల్లా నెమ్మదిగా పోనిచ్చారు. చెరువు దగ్గర నేను రైలు టైము చూసుకుని కంగారు పడుతుంటే, కొడుక్కి ఫోన్ చేసి కనుక్కుని, "మీ బండి ఇంకా గిద్దలూరు దాటలేదంట, తొందరేం లేదు, చల్లగాలికి కూర్చోండి" అన్నారు. మేము కట్ట మీద కూర్చుంటే ఆయన కూడా వచ్చి, ఎండాకాలం నీళ్లు ఎక్కడిదాకా తగ్గుతాయో, ఏ ఊళ్ల పొలాలకు ఈ నీళ్లే ఆధారమో వేలితో చూపించారు. గంటన్నర ఆగారు. స్టేషన్‌లో 400 ఇస్తే వంద వెనక్కి ఇచ్చేశారు. మా వదిన ఎంత బతిమాలినా తీసుకోలేదు. ఆవిడ సంచిలోంచి ఉదయగిరి చెంచా ఒకటి తీసి, "ఇంట్లో అమ్మకు ఇవ్వండి" అని చేతిలో పెడితే అది మాత్రం పుచ్చుకున్నారు.

గుంటూరు, నంద్యాల మధ్య ఈ లైనులో రోజుకు వచ్చే బళ్లు కోస్తా లైనుతో పోలిస్తే చాలా తక్కువ. ఒకటి తప్పితే గంటల తరబడి ఎదురుచూపే. అందుకే కంభం వెళ్లేవాళ్లు రైలు వేళ చూసుకుని దానికి తగ్గట్టు చెరువు ప్రోగ్రాం వేసుకోవాలి, చెరువును చూసి రైలు వేళ వేసుకుంటే కుదరదు. మా బండి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. జనరల్‌లో కిటికీ పక్కనే చోటు దొరికింది, గుంటూరుకు 70 రూపాయలు.

గుంటూరులో మా వదిన పుట్టింట్లో ఒక పూట ఆగి, సికింద్రాబాద్‌కు తీసుకున్న టికెట్ చూస్తే వెయిటింగ్ లిస్టు 9 దగ్గరే ఆగింది. చార్టు ఇప్పుడు పది గంటల ముందే వేస్తున్నారు కాబట్టి ఆ సంగతి మధ్యాహ్నానికే తేలిపోయింది. ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దయి, కొద్దిపాటి చార్జీ పోను డబ్బు వెనక్కి వచ్చింది. సాయంత్రం ఆర్టీసీ బస్సులో సీటు దొరికింది, 620 రూపాయలు. బ్యాగులు కింద డిక్కీలో పెట్టమని క్లీనరు అడిగాడు. మా వదిన ఒప్పుకోలేదు. హైదరాబాద్ దాకా కాళ్ల దగ్గరే పెట్టుకుంది.